మొదటి బొంత

సీలేరు ఒడ్డున, కొండల నడుమ డొంకరాయి ఉంది. చలికాలం రాత్రి ఒక్క దుప్పటి చాలదు. పాత చీరలతో బొంత కుట్టుకోవచ్చు.

నూలు చీరలే ఏరుకోవాలి. పాలిస్టరు వద్దు. నిప్పు తగిలితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు కూడా కాలుతుంది. అందుకే బొంతను పొయ్యికి దూరంగా పరుచుకోవాలి.

ముందు చీరను ఉతికి ఎండబెట్టాలి. చీర సుమారు 12 మూరలు. మూడు సమాన మడతలు వేసి, మడతల దగ్గర కొయ్యాలి. 4 మూరల ముక్కలు 3 వస్తాయి. గట్టివి రెండూ పైకీ కిందకీ. నలిగినది మధ్యకు. దాని మీద చిన్న ముక్కలు పక్కపక్కనే పరచాలి. చిరుగులు ముందే కోసెయ్యాలి.

పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది. పొరలు మరీ ఎక్కువైతే సూది దిగదు, ఉతికితే ఆరదు. మొదటి బొంతకు 4 పొరలు చాలు.