కెప్టెన్ ఎవరు? టాస్ రోజు కాదు, ఇప్పుడే తేల్చుకోండి!

ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ దగ్గర పడితే చాలు, టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే లొల్లి. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ కాలేజీలైనా, పాలమూరు యూనివర్సిటీ కాలేజీలైనా చాలాచోట్ల సీన్ ఇదే. పొద్దున ప్రాక్టీస్‌కు రమ్మంటే నలుగురు వస్తారు. కెప్టెన్ ఎవరంటే మాత్రం ఎనిమిది చేతులు లేస్తాయి. చివరికి ఎంట్రీ ఫారం నింపే రోజు పీడీ సార్ పెన్ను పట్టుకుని "ఎవరి పేరు రాయాలె?" అంటే, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పేరే ఎక్కేస్తుంది.

ఇదేమంత పెద్ద విషయం అనుకోవద్దు. ఇంటర్ కాలేజ్ పోటీల్లో ఆట చూసే యూనివర్సిటీ టీమ్‌ను ఎంపిక చేస్తారు. ఆ టీమ్ సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. ఆ సర్టిఫికెట్ మీద, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ప్రతి టీమ్‌లో ఉంటారు. నాకౌట్‌లో ఒక్క మ్యాచ్ పోతే బ్యాగు సర్దుకోవడమే. కెప్టెన్ తప్పు నిర్ణయం ఖరీదు పన్నెండు మంది కట్టాలి.

ఇద్దరు తెలుగు కెప్టెన్లు

కెప్టెన్సీ గొడవ మన కాలేజీల్లో పుట్టింది కాదు. 1932లో భారత క్రికెట్ జట్టు తొలి టెస్టు కోసం ఇంగ్లండ్ వెళ్లింది. ఆ టూర్‌కు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. కానీ లార్డ్స్‌లో టెస్టు మొదలయ్యే వేళకు ఆయన పక్కకు తప్పుకున్నారు. జట్టును నడిపింది నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు. మ్యాచ్ ఓడినా, తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు టాప్ స్కోర్ 40 ఆయనదే.

నాలుగేళ్లు తిరిగాయి. 1936 టూర్‌కు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ పిలిచే పేరు విజ్జీ. పలుకుబడికి లోటు లేదు. ఆట సంగతికొస్తే మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. నాయుడు అదే జట్టులో మామూలు ఆటగాడిగా ఉన్నారు. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. సిరీస్ 2-0తో పోయింది.

జెర్సీలు కొనిచ్చినోడు, సీనియర్ అన్న, మా హాస్టలోడు, మా ఊరోడు... ఈ లెక్కల్లో కెప్టెన్‌ను ఎంచుకుంటున్నామంటే 1936 టూర్‌ను మళ్లీ మొదలుపెట్టినట్టే.

స్టార్ రైడరే కావాలా?

అక్కర్లేదు. కబడ్డీనే చూడండి. 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. ఒక్కో హాఫ్‌లో జట్టుకు రెండు టైమ్‌అవుట్‌లు, అదీ 30 సెకన్లే. వరుసగా రెండు రైడ్‌లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. ఎవరిని పంపాలి? కోర్టులో ముగ్గురే మిగిలితే సూపర్ ట్యాకిల్‌కు దూకాలా, ఆగాలా? రైడర్ అవుటై బెంచీ మీద కూర్చుంటే ఇవన్నీ ఎవరు చూస్తారు? కోర్టులో ఎక్కువసేపు నిలబడే కార్నర్ డిఫెండర్‌కు ఈ పని ఒక్కోసారి బాగా నప్పుతుంది.

వాలీబాల్‌లో అయితే, బాల్ ఆగినప్పుడు రిఫరీని వివరణ అడిగే హక్కు ఆడుతున్న వాళ్లలో కెప్టెన్‌కే ఉంది. మ్యాచ్ తర్వాత రిఫరీకి థ్యాంక్స్ చెప్పి స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ముక్కు మీద కోపం ఉన్నోడికి ఆ బాధ్యత ఇస్తే టీమ్‌కే కార్డు పడుతుంది.

గ్రౌండ్ బయటే అసలు పరీక్ష

మన దగ్గర సగం టీమ్ హాస్టల్లో, సగం టీమ్ బస్సుల్లో. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ వచ్చిపోయేవాళ్లు ఉంటారు. ప్రాక్టీస్ టైమ్ పెట్టాలంటే బస్ టైమ్ తెలియాలి. బెంచీ మీది జూనియర్ రెండు రోజులు రాకపోతే ఫోన్ చేసి "ఏమైందిరా తమ్మీ?" అని అడగాలి.

అమ్మాయిల టీమ్‌లో ఈ పని ఇంకా ఎక్కువ. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ బాధ తీరింది. లాస్ట్ బస్సు బాధ తీరలేదు. "అమ్మా, నేను దగ్గరుండి బస్సెక్కిస్త, మీరు రంది పడకుండ్రి" అని ఇంటివాళ్లను ఒప్పించగలిగే అక్క ఉంటేనే కొందరు గ్రౌండ్‌కు రాగలుగుతారు. ఆ అక్క పాయింట్లు స్కోర్‌బోర్డు మీద కనిపించవు.

మరి ఎలా ఎంచుకోవాలి?

ముందుగా కెప్టెన్ ఏమేం చేయాలో అందరి ముందు చెప్పండి. లేచిన ఎనిమిది చేతుల్లో సగం అక్కడే దిగిపోతాయి. మిగిలినవాళ్లకు తలా ఒక ప్రాక్టీస్ మ్యాచ్ అప్పజెప్పండి. ఆ తర్వాత చిట్టీలు వేయండి. చేతులెత్తి ఓటేస్తే ముఖం చూసి వేస్తారు, చిట్టీలో మనసులో మాట రాస్తారు. లెక్కపెట్టేది పీడీ సార్ లేదా మేడమ్ ఒక్కరే. గెలిచిన పేరు చెప్తే చాలు, ఎవరికెన్ని ఓట్లో చెప్పొద్దు. ఓడినోడు రేపు అదే టీమ్‌లో ఆడాలి కదా! సార్ వేరే పేరు ఖాయం చేస్తే కారణం కూడా చెప్పాలని ముందే మాట్లాడుకోండి.

వైస్ కెప్టెన్‌ను అవతలి గ్రూపు నుంచి తీసుకోండి. కెప్టెన్ హాస్టల్ వాడైతే వైస్ బస్సులో వచ్చేవాడు కావాలి. ఫైనలియర్ వాడైతే సెకండియర్ వాడు కావాలి. అప్పుడు వచ్చే ఏడాదికి మనిషి తయారుగా ఉంటాడు.

చిట్టీ మీద పేరు రాసే ముందు "మనలో బాగా ఆడేదెవరు?" అని ఆలోచించకండి. "పది పాయింట్లు వెనకబడ్డప్పుడు మనం ఎవరి మాట వింటాం?" అనుకోండి. పెన్ను దానంతట అదే కదులుతుంది.