క్రతువు, నమోదు: స్వలింగ దంపతుల హక్కుల చర్చలో మతస్వేచ్ఛ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పెళ్ళి అనగానే పట్టుచీరతో పాటు పురోహితుడో ఖాజీయో స్ఫురిస్తారు. మతక్రతువు లేకుండానే వివాహాధికారి ఎదుట దంపతులయ్యే వీలును 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కల్పించిందన్న సంగతి అంతగా గుర్తుకు రాదు.

స్వలింగ దంపతుల వాదం ఈ చట్టం మీదనే ప్రధానంగా నడిచింది. హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ తదితరుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మతపరమైన వ్యక్తిగత చట్టాల జోలికి పోలేదు. వివాహం ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ ఏకీభవించారు. సివిల్ యూనియన్ విషయంలో 3-2గా చీలారు. చిక్కంతా చట్టభాషలో ఉంది. నాల్గవ సెక్షన్ ‘ఎవరైనా ఇద్దరు వ్యక్తులు’ అని మొదలై, వయోనియమం వద్ద పురుషుడు, స్త్రీ అని విడదీస్తుంది. కనుక మతస్వేచ్ఛకు భంగమన్న అభ్యంతరం ఇక్కడ అంతగా పొసగదు. పైగా 25వ అధికరణం తన హక్కును మూడవ భాగంలోని ఇతర నిబంధనలకు లోబరచింది.

తెలుగువారికిది కొత్త కాదు. 1856 చట్టం వితంతు వివాహాన్ని చెల్లుబాటు చేసింది. జరిపించి తీరాలని ఏ పురోహితునీ ఆదేశించలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వెలి తప్పలేదు. ఆ దంపతుల సంతానపు వారసత్వాన్ని మాత్రం ఆ వెలి తాకలేకపోయింది.

నేడు హిందూపురంలో కలిసి బ్రతికే ఇద్దరు హిందూ స్త్రీలలో ఒకరు వీలునామా వ్రాయకుండా మరణిస్తే, స్వార్జితమైన ఇల్లు సైతం చట్టబద్ధ వారసులకే చెందుతుంది.