చెప్పి తుడిచేస్తే తప్పులేదు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కనిపించే కోర్సుల బోర్డుల్లో జావా పక్కన ఇప్పుడు డెవాప్స్ కూడా ఉంటోంది. రాసిన ప్రోగ్రామును సర్వర్ తనంతట తానే పరీక్షించి, వాడకానికి సిద్ధమైన ఫైలుగా మార్చే పద్ధతిని అందులో నేర్పుతారు. ఆ పనినే బిల్డ్ అంటారు. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ వంటి ఉమ్మడి సేవల్లో దీన్ని కొంత మేరకు ఉచితంగానే చేసుకోవచ్చు. అయితే అక్కడ తయారైనవి కలకాలం ఉండవు. మనం సెట్టింగు మార్చకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ బిల్డ్ ఫైళ్లను, బిల్డ్ జరిగిన తీరును నమోదు చేసే లాగ్‌లను 90 రోజులే ఉంచుతుంది. గిట్‌ల్యాబ్ వెబ్‌సైటులో బిల్డ్ ఫైళ్లకు గడువు 30 రోజులు. కోర్సు ముగించి, పంజాగుట్ట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవారికి ఇంటర్వ్యూ పిలుపు అయిదో నెలలో వచ్చిందనుకుందాం. రెజ్యూమేలో ఇచ్చిన లింకు తెరిస్తే చూపించడానికి లాగ్ ఉండదు.

ఇది అన్యాయంగా కనిపిస్తుంది కానీ, తుడిచేయడంలో తప్పులేదు. కోడ్‌లో ఒక అక్షరం మార్చినా మళ్లీ బిల్డ్ జరిగి కొత్త ఫైళ్లు పుడతాయి. బిల్డ్ అయిన ప్రోగ్రాముల ప్యాకేజీలను దాచిపెట్టే డాకర్ హబ్ 2020లో చెప్పిన లెక్క ప్రకారం అక్కడున్న 15 పెటాబైట్లలో 10 పెటాబైట్లకు పైగా ఆరు నెలలుగా ఎవరూ వాడనివే. స్టోరేజీ చవకే కదా అనవచ్చు. ఒకరికి చవకే, కోట్ల బిల్డ్‌లు మోసేవారికి కాదు. పైగా పాత బిల్డ్‌లో భద్రతా లోపాలున్న పాత లైబ్రరీలు అలాగే ఉండిపోతాయి. పొరపాటున లాగ్‌లోకి ఎక్కిన పాస్‌వర్డులూ ఉండవచ్చు.

అసలు చూడవలసింది ఏది తుడుస్తున్నారన్నది. బియ్యం ఇంట్లో ఉంటే అన్నం మళ్లీ వండుకోవచ్చు. బిల్డ్ ఫైలు అన్నం, సోర్స్ కోడ్ బియ్యం. ఏడాదిగా కదలిక లేని ఉచిత ప్రాజెక్టులనే, అంటే సోర్స్ కోడ్‌నే, తొలగించాలని గిట్‌ల్యాబ్ ఆలోచించినట్టు 2022 ఆగస్టులో బయటపడినప్పుడు పెద్ద దుమారం రేగింది అందుకే. చివరికి వాటిని తుడిచేయకుండా, నెమ్మదిగా తెరుచుకునే స్టోరేజీకి మారుస్తామని సంస్థ ప్రకటించింది. ఉచితంగా వాడుకునేవారికి హక్కేమిటన్న వాదన ఇక్కడ నిలవదు. దాచుకోమని పిలిచినవారు తీసేసే ముందు చెప్పాలి. ఫెడోరా లినక్స్ వారి బిల్డ్ సేవ కాపర్ ఆ పని చేస్తోంది. మద్దతు ముగిసిన ఫెడోరా వెర్షన్ల బిల్డ్‌లను తొలగించే ముందు యజమానికి మెయిల్ పంపి, 180 రోజుల గడువు ఇస్తుంది, కావాలంటే పొడిగించుకోవచ్చు. మన దేశంలో 2025 నవంబరులో ప్రకటించిన వ్యక్తిగత డేటా రక్షణ నియమాలదీ ఇదే దారి. పెద్ద ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలు మూడేళ్లుగా వాడని ఖాతాల వ్యక్తిగత డేటాను తొలగించాలి, అయితే కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. మెయిళ్లు ఎవరు చదువుతారంటారా? చదవకపోవడం వాడుకరి తప్పు, పంపకపోవడం సంస్థ తప్పు.

కోడ్ ఉన్నంత మాత్రాన బిల్డ్ మళ్లీ వస్తుందన్న భరోసా లేదన్నది గట్టి అభ్యంతరమే. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల చిన్న ప్యాకేజీని తీసేస్తే ప్రపంచమంతటా బిల్డ్‌లు ఆగిపోయాయి. కాబట్టి వాడిన లైబ్రరీల వెర్షన్లను రాసిపెట్టే లాక్ ఫైలునే కాక, ఆ లైబ్రరీల కాపీలనూ కోడ్‌తోపాటే ఉంచాలి. పదిమందికి చూపదలచిన ఫైలును గిట్‌హబ్ రిలీజెస్‌లో పెట్టాలి. దానికి 90 రోజుల గడువు వర్తించదు. అమీర్‌పేట శిక్షణ సంస్థలకు ఒక మాట: బిల్డ్ నేర్పిన రోజే దాని గడువు గురించీ నేర్పండి. ఉద్యోగంలో చేరాక ఆ గడువులు పెట్టవలసింది ఈ విద్యార్థులే.