పొట్టి కారు, గట్టి పరుగు

సైకిలు కారియరు మీద బియ్యం బస్తా వేసుకుని ఎప్పుడైనా చెరువుగట్టు ఎక్కారా? ఎక్కి ఉంటే, పెడలు గట్టిగా తొక్కినప్పుడల్లా ముందు చక్రం తేలికైపోయి హ్యాండిలు అటూ ఇటూ ఊగడం మీకు అనుభవమే. బరువంతా వెనక్కి జరిగింది. ముందు చక్రానికి నేలమీద పట్టు తగ్గింది. ఈ చిన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి. యూరపులో కార్ల ప్రియులు యాభై ఏళ్లుగా తెగకుండా సాగిస్తున్న ఒక వాదంలో ఇది మనకు పనికివస్తుంది.

ఆ వాదమేమిటంటే, కారు నడపడంలోని అసలు ఆనందం స్పోర్ట్స్ కారులో ఉందా, లేక ఇంటివాడకపు చిన్న కారుకు బలమైన ఇంజను తగిలించిన 'హాట్ హాచ్'లో ఉందా అని. వెనుకభాగం కురచగా ఉండి, వెనుక అద్దంతో సహా పైకి లేచే తలుపున్న కారును హాచ్‌బ్యాక్ అంటారు. మన మారుతి 800 ఆ జాతిదే. అందులో చురుకైన రకానికి 'హాట్' అనే పేరు తగిలింది.

ఈ జాతికి పేరు తెచ్చిన కారు జర్మనీలో పుట్టింది. 1973లో ఫోక్స్‌వాగన్ సంస్థలో అల్ఫోన్స్ లోవెన్‌బెర్గ్ అనే పరీక్షా ఇంజనీరు, మనం కూడా ఒక చురుకైన కారు చేస్తే ఎలా ఉంటుందని తోటివారికి సూచించాడు. కొందరు కలిసి, పైవారి ఆదేశమేమీ లేకుండానే పని మొదలుపెట్టారు. 1974లో గోల్ఫ్ అనే చిన్న కారు బజారుకు వచ్చింది. దాని చురుకైన రూపం గోల్ఫ్ జీటీఐని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టి, 1976లో అమ్మకానికి తెచ్చారు. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరం కార్లే 4,60,000 దాటాయి!

అంతగా అందులో ఏముంది? చూడబోతే పెద్ద మార్పులేమీ లేవు. 1,588 ఘన సెంటీమీటర్ల ఇంజను. దానికి కార్బురేటరు బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పరికరం. కాస్త వెడల్పు టైర్లు, కిందికి దించిన స్ప్రింగులు, కారు ఒక పక్కకు ఒరగకుండా ఆపే ఉక్కు కడ్డీలు. గేరు కడ్డీకి గోల్ఫ్ బంతిలాంటి పిడి అమర్చారు, అది సరదాకి. అసలు రహస్యం మరోచోట ఉంది. కారు బరువు 810 కిలోలే!

ఇప్పుడు ఒక భాగహారం చేద్దాం. అశ్వసామర్థ్యాన్ని టన్నులలో బరువుతో భాగిస్తే కారు ఎంత చురుకైనదో తెలుస్తుంది. మామూలు గోల్ఫ్‌లో 50 అశ్వసామర్థ్యం, 750 కిలోలు. అంటే టన్నుకు 67. జీటీఐలో 110 అశ్వసామర్థ్యం కాబట్టి టన్నుకు 136. ఆ రోజుల్లోనే ఇటలీవారి ఫియట్ ఎక్స్1/9 అనే స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, ఇంజను నడుమ భాగంలో, చూపు తిప్పుకోనివ్వని అందం. కాని 75 అశ్వసామర్థ్యానికి సుమారు 880 కిలోలు. టన్నుకు 85! నలుగురు మనుషులనూ సామాన్లనూ మోసే పొట్టి కారు ముందు ఈ అందగత్తె వెనుకబడింది. నిజమే, పోర్షే 911 కరేరా వంటి ఖరీదైన కారు 200 అశ్వసామర్థ్యంతో టన్నుకు 178 దాకా వెళ్లేది. దానితో తిన్నని రోడ్డు మీద పొట్టి కారు పోటీ పడలేదు.

మరి మలుపులో? ఇక్కడే భౌతికశాస్త్రం ఒక తమాషా చేస్తుంది. మలుపు తిరిగే కారును పక్కకు పోకుండా ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ. కారు జారకుండా తిరగగల గరిష్ఠ వేగపు వర్గం = ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్ధం. ఈ సూత్రంలో కారు బరువు లేదు, ఇంజను బలం లేదు, ధర అసలే లేదు! ఘాట్ రోడ్డులో 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తీసుకోండి. ఘర్షణ గుణకం 0.8 అయితే 0.8 × 9.8 × 30 = 235. వర్గమూలం 15.3, అంటే గంటకు 55 కిలోమీటర్లు. స్పోర్ట్స్ కారుకు మేలురకం టైర్లు వేసి గుణకాన్ని 1.0కి పెంచినా వచ్చేది 62. ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్న కారుకు ఈ మలుపులో దక్కిన లాభం గంటకు 7 కిలోమీటర్లు!

పైగా జర్మనీలో ఊళ్ల బయట మామూలు రోడ్ల మీద వేగ పరిమితి 100 కిలోమీటర్లు. 911 ఆరేడు సెకన్లలో ఆ వేగం అందుకుని, మిగిలిన బలాన్ని కడుపులో దాచుకుని కూర్చుంటుంది. జీటీఐకి తొమ్మిది సెకన్ల పైమాటే. అంతసేపూ ఇంజను పూర్తి బలంతో మోగుతుంది, చేయి గేరు మీద ఆడుతుంది, నడిపేవాడికి చేతినిండా పని. పొట్టి కారుమీద మోజుకు సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. ఉన్న బలమంతా వాడుకునే అవకాశం దానిలో ఉంది.

అయితే స్పోర్ట్స్ కారువాళ్ల మాట కొట్టివేయడానికి లేదు. బియ్యం బస్తా సంగతికి రండి. గోల్ఫ్‌లో ఇంజను తిప్పేది ముందు చక్రాలను. నిలిచి ఉన్నప్పుడు నూటికి 60 పాళ్ల బరువు వాటిమీద ఉందనుకుందాం. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, త్వరణం సెకనుకు సెకనుకు 4 మీటర్లు అయితే, సుమారు 8.5 పాళ్లు వెనక్కి జరుగుతాయి. లాగవలసిన చక్రాల మీద బరువు సరిగ్గా లాగవలసిన వేళకే 52కి తగ్గుతుంది! వెనుక ఇంజను ఉండి వెనుక చక్రాలు తిప్పే 911లో అదే 60 కాస్తా 69 అవుతుంది. పైగా గోల్ఫ్ ముందు చక్రాలు లాగాలి, దారీ తిప్పాలి. టైరు పట్టు నెలజీతం లాంటిది. ఒక ఖర్చుకు ఎక్కువ పెడితే రెండోదానికి మిగలదు. మలుపులో యాక్సిలరేటరు అతిగా తొక్కితే కారు తిరగనని మొరాయించి ముక్కుసూటిగా పోతుంది.

ఇంజనును నడుమ పెట్టడంలోని మేలు కావడి మోసినవాడిని అడిగితే తెలుస్తుంది. రెండు కొసలా కుండలున్న కావడితో గిర్రున తిరగడం కష్టం; తిరిగాక ఆగడం ఇంకా కష్టం. అంతే బరువు నెత్తిన ఉంటే ఇట్టే తిరగవచ్చు. బరువు నడుమకు చేరిన స్పోర్ట్స్ కారు అలాగే తిరుగుతుంది.

పొట్టి కారుకు మరో గుణం ఉంది, అది ప్రమాదకరమైనది. 1984లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్యూజో 205 జీటీఐ 850 కిలోల తేలిక కారు. వేగంగా మలుపు తిరుగుతూ భయపడి యాక్సిలరేటరు మీద కాలు ఒక్కసారిగా తీస్తే, బరువు ముందుకు జరిగి వెనుక చక్రాల పట్టు సడలేది. కారు వెనుకభాగం పక్కకు విసురుగా తిరిగేది. చేయి తిరిగిన డ్రైవరు దానినే వాటంగా వాడుకున్నాడు. చేయి తిరగనివాడు కంచెలో తేలాడు. బ్రిటన్‌లో ఇలాంటి కార్లను దొంగిలించి కుర్రాళ్లు చేసిన స్వారీలు ప్రాణాల మీదికి వచ్చాయి. బీమా ఖర్చు విపరీతంగా పెరిగింది. దొంగిలించిన వాహనాన్ని ప్రమాదకరంగా నడిపితే కఠిన శిక్ష వేసే చట్టం అక్కడ 1992లో వచ్చింది.

ఇప్పటి గోల్ఫ్ జీటీఐలో 265 అశ్వసామర్థ్యం ఉంది. బరువూ 1,400 కిలోలు దాటింది. భాగిస్తే ఆనాటి 911ను మించిన లెక్క వస్తుంది. అంత బలాన్ని ముందు చక్రాలు రెండూ సరిగా పంచుకోవడానికి ఎలక్ట్రానిక్ పరికరాలు కావలసి వచ్చాయి. 2025లో ఈ కారును మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు ధర 50 లక్షల రూపాయలు దాటింది. నన్నడిగితే 810 కిలోల పాత కారు లెక్కే ముచ్చటగా ఉంది.

పైన చేసిన మలుపు లెక్కను ఈసారి వాన రోజుకు చేయండి. తడిసి నున్నబడిన రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అనుకోండి. వ్యాసార్ధం అదే 30 మీటర్లు. గంటకు 39 కిలోమీటర్లు వస్తే మీ లెక్క సరైనదే. పొడి రోడ్డు మీద 55తో చక్కగా తిరిగిన కారు అదే వేగంతో వస్తే ఎటు పోతుందో కాగితం మీద బొమ్మ గీసి చూడండి.