ఒకటియా, అనేకమా?

ఒక విద్యార్థి గ్రంథాలయమునుండి ఒకేసారి ఎన్ని పుస్తకములు తీసికొనవచ్చును? ఒక పుస్తకము ఒకేసారి ఎందరియొద్ద నుండగలదు? ఇవి చిన్న ప్రశ్నలే. కాని కంప్యూటరులో సమాచారమును భద్రపఱచువారు మొట్టమొదట తేల్చుకొనవలసినవి యివియే.

1976వ సంవత్సరమున పీటర్ చెన్ అను శాస్త్రజ్ఞుడు ఇందుకొక చిత్రపద్ధతిని ప్రకటించెను. అందు విద్యార్థి, పుస్తకము మొదలగువానిని పెట్టెలుగా గీసి, వాని నడుమ సంబంధమును గీతలతో కలిపి, గీతలయొద్ద సంఖ్యలు వ్రాయుదురు. సంబంధములు మూడు విధములు. విద్యార్థికిని అతని ప్రవేశసంఖ్యకును ఒకటికి ఒకటి. తరగతికిని విద్యార్థులకును ఒకటికి అనేకము. విద్యార్థులకును ఆటలకును అనేకమునకు అనేకము.

ఇంతేగాక ప్రతి సంబంధమునకును రెండు హద్దులు గలవు. ఎన్నింటికి మించరాదో గరిష్ఠము చెప్పును. ఎన్నింటికి తగ్గరాదో కనిష్ఠము చెప్పును. ఒక్క పుస్తకమైనను తీసికొనని విద్యార్థియు విద్యార్థియే; కావున అచ్చట కనిష్ఠము సున్న.

ఈ సున్నను మఱచుట ప్రమాదము. ప్రతి బాలునికిని తండ్రి పేరు ఉండితీరవలెనని నియమించితిమనుకొనుడు. తండ్రి యెవరో తెలియని యనాథబాలుని యంత్రము చేర్చుకొనదు. లేదా గుమాస్తా ఏదో కల్పితనామము వ్రాయును. సంరక్షకుడు ఒక్కడే యని నియమించినచో, తల్లియు మేనమామయు కలసి పెంచు బిడ్డకు ఒకరి పేరు లోపించును. తప్పు యంత్రముది కాదు, మనము వ్రాసిన అంకెది.

కాబట్టి అంకె వేయుటకు ముందు లోకమును విచారింపవలెను. విద్యార్థులారా! మీ తరగతి హాజరుపట్టీని ముందుంచుకొని, "కనీస మెన్ని? గరిష్ఠ మెన్ని?" అని ప్రశ్నించి చూడుడు.