తాతయ్య రైలింజను – మనవరాలి గొంతులో బిళ్ల

“మామయ్యగారూ! పాప ఏదో నోట్లో వేసుకుంది. తీయబోయేలోగా మింగేసింది. మీ బల్లమీద వెండి బిళ్లలాంటిది ఒకటి ఉండాలి కదూ? కనిపించడం లేదు!”

బేగంపేటలో ఒక అపార్టుమెంటు. సాయంకాలం ఆరుగంటల వేళ. రైల్వేలో పనిచేసి రిటైరయిన పెద్దాయన నెలరోజులుగా బల్లమీద ఒక చిన్న రైలింజనును కడుతున్నారు. పక్కనే రెండేళ్ల మనవరాలు. ఇది ఊహించి చెబుతున్న సంఘటనే. కాని మీ ఇంట్లోనూ జరగవచ్చు. జరిగితే మీరేం చేస్తారు?

“కంగారెందుకు? రెండు అరటిపళ్లు పెట్టండి. రేపు పొద్దున విరేచనంలో పోతుంది” అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ ఒక్కమాట పసిప్రాణం మీదికి తేవచ్చు.

మంచి వ్యాపకమే

ముందుగా ఒక మాట. తాతగారు చేస్తున్నది తప్పు పని కాదు. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న సికిందరాబాదులో రైల్వే పెన్షనర్లకు కొదవ లేదు. కొందరికి నౌపడ – గుణుపూరు లైను గుర్తుండే ఉంటుంది. 1900లో పర్లాకిమిడి వరకు మొదలైన ఆ నేరోగేజి లైనులో పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు మాత్రమే. ఆ లైను తరవాత బ్రాడ్‌గేజిగా మారిపోయింది. అటువంటి బుల్లి ఇంజను నమూనాను ఇంట్లోనే కట్టుకోవడానికి విడిభాగాల కిట్లు దొరుకుతాయి. చక్రాలు, చిన్న మోటారు, పళ్లచక్రాలు, పెన్సిల్ సెల్స్ పెట్టుకునే పెట్టె – ఒక్కొక్కటే బిగించుకుంటూ పోవాలి.

ఉద్యోగం మానగానే దిగులు పడేవారికి ఇటువంటి పని మేలు చేస్తుంది. 16 దేశాలలో 65 ఏళ్లు దాటిన సుమారు 93 వేలమందిని పరిశీలించిన వివరాలు 2023లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చాయి. ఏదో ఒక వ్యాపకం ఉన్నవారిలో దిగులు లక్షణాలు తక్కువగా, సంతృప్తి ఎక్కువగా కనిపించాయి. వ్యాపకమే దానికి కారణమని అంతటితో రుజువైనట్లు కాదు. అయినా ఊరికే కూర్చోవడం కన్నా ఇది నయమే కదా!

మరి ప్రమాదం ఎక్కడుంది? ఇంజను పెన్సిల్ సెల్స్‌తో నడిచినా, దాన్ని దూరంనుంచి నడిపే రిమోట్‌లో చాలాసార్లు బిళ్లలాంటి లిథియం సెల్ ఉంటుంది. దానిమీద 2032 అని ఉంటే – 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని అర్థం. దాదాపు రూపాయి బిళ్లంత. పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే సైజు!

గొంతులో ఏం జరుగుతుంది?

సెల్ పగిలి విషం కారుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. తడిగా ఉన్న అన్నవాహిక గోడ తగలగానే సెల్ నుంచి కరెంటు పారుతుంది. ఆ కరెంటువల్ల అక్కడే ఘాటైన క్షారం తయారవుతుంది. అది లోపలి పొరను కాల్చివేస్తుంది. రెండు గంటలలోనే తీవ్రమైన గాయం కావచ్చు. వాడి పారేసిన సెల్‌లో కూడా ఇందుకు సరిపడా శక్తి మిగిలి ఉంటుంది.

చొంగ కారడం, అన్నం వద్దని ఏడవడం, దగ్గు, వాంతి – ఇవి లక్షణాలు. ఏ లక్షణమూ లేకుండా పాప హాయిగా ఆడుకుంటూ ఉండవచ్చు కూడా. అందుకని మోసపోకండి.

మీరు చెయ్యవలసింది

మింగిందని అనుమానం వచ్చినా చాలు, వెంటనే బయలుదేరండి. 108కి ఫోన్ చెయ్యండి. ఎక్స్‌రే, ఎండోస్కోపీ సౌకర్యాలున్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. “బటన్ సెల్ మింగింది” అని గేటులోనే చెప్పండి. అటువంటిదే మరో సెల్ ఉంటే వెంట తీసుకువెళ్లండి.

వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టకండి. అరటిపండు, అన్నం, నీళ్లు ఏవీ పెట్టకండి. ఒక్క తేనెకు మాత్రం మినహాయింపు ఉంది. పాపకు ఏడాది నిండి, సెల్ మింగి 12 గంటలు దాటకపోయి, మింగగలుగుతూ ఉంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఆరుసార్లు మించకూడదు. ఇది గాయాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది కాని వైద్యం కాదు. తేనెకోసం ఆలస్యం చెయ్యకండి. ఏడాదిలోపు పిల్లలకు తేనె అసలే వద్దు.

సెల్ తీసేసిన తరవాత కూడా డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్లాలి. గాయం ఆ తరవాత కూడా పెరగవచ్చు. రక్తం కక్కినా, నల్లటి విరేచనం అయినా క్షణం ఆగకండి.

ముక్కులోనో చెవిలోనో సెల్ దూర్చుకున్నా అత్యవసరమే. అక్కడ చుక్కల మందులు వెయ్యకండి. పెట్టెలను కలిపే చిన్న అయస్కాంతాలు రెండు మింగినా ప్రమాదమే. అవి పేగు గోడలకు ఇటూ అటూ అతుక్కుని చిల్లు పెట్టగలవు.

తాతగారికి కూడా కొన్ని మాటలు

ఈ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. చెమటకు ఆయన మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయట, కంటి దగ్గరి అద్దం పగిలి ఉందట. మీకంత తపస్సు అక్కరలేదు! మంచి దీపం పెట్టుకోండి. దగ్గరి చూపు కళ్లజోడు పరీక్ష చేయించుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి, ఇరవై సెకన్లపాటు కిటికీలోంచి దూరంగా చూడండి. మెడకు, కళ్లకు విశ్రాంతి.

సోల్డరింగ్ కిటికీ తెరిచి చెయ్యండి. ఆ పొగ ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు. సోల్డర్‌లో సీసం ఉండవచ్చు కనుక చేతులు కడగకుండా మనవరాలికి ముద్దలు పెట్టకండి. సూపర్ గ్లూతో వేళ్లు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టండి. మధుమేహం ఉంటే చెప్పులు వేసుకునే పని చెయ్యండి. కిందపడిన బ్లేడు ముక్క గుచ్చుకున్నా తెలియకపోవచ్చు.

చివరగా ఒక అలవాటు. పని మొదలుపెట్టేటప్పుడు సెల్స్ ఎన్నో లెక్కపెట్టండి. లేచేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. పాతవాటికి రెండువైపులా టేపు చుట్టి, తాళం ఉన్న డబ్బాలో పెట్టండి. రిమోట్ మూతను మరతో బిగించండి.

ఇంజను తయారై హాలులో పరుగెత్తే రోజున చప్పట్లు కొట్టేది ఆ మనవరాలే కదా!