గోడ పగుళ్లలో గోమారి కాపురం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంటి ముందు కట్టేసిన కుక్క చెవుల్లోనూ, కాలివేళ్ల సందుల్లోనూ, మెడపట్టీ కిందా కరుచుకుని కనిపించే పురుగును జనం గోమారి అంటారు, పిడుదు అనే మాట కూడా వాడుకలో ఉంది. ఎదిగిన తర్వాత ఎనిమిది కాళ్లుండే ఈ జీవి నిజానికి కీటకం కాదు, సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి చుట్టం. ఆకలిగా ఉన్నప్పుడు నువ్వుగింజంత ఉండి గోధుమరంగులో కనిపించే ఆడగోమారి, కడుపునిండా రక్తం తాగాక బూడిదరంగుకు తిరిగి అచ్చం ఆముదపు గింజలా ఉబ్బుతుంది. ఈ పోలిక యూరప్ వాళ్లకూ తట్టింది కనుకనే ఆముదపు మొక్క శాస్త్రీయనామంలో రిసినస్ అనే మాట చేరింది. లాటిన్ భాషలో ఆ మాటకు అర్థం గోమారే.

ఈ పురుగును వదిలించడంలో ఎక్కువమంది పొరబడేది దాని నివాసం విషయంలోనే. కుక్క దానికి తిండి దొరికే చోటు మాత్రమే, కాపురం ఉండేది ఇంట్లో. గుడ్డులోంచి ఆరు కాళ్లతో వచ్చిన పిల్ల కుక్కను ఎక్కి, కొద్ది రోజులు రక్తం తాగి, కిందికి రాలి, ఏ మూలనో నక్కి కుబుసం విడిచి, ఎనిమిది కాళ్లతో మళ్లీ కుక్కను వెతుక్కుంటుంది. రెండోసారీ అలాగే రాలి, కుబుసం విడిచి, పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. చివరిసారి తాగిన ఆడది దిగిపోయి, గోడ వెంట పైకి పాకి, పగుల్లోనో దర్వాజ సందులోనో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తిండి దొరకకపోయినా పెద్ద గోమారి నెలల తరబడి బతికి ఉండగలదు. అందువల్ల కుక్కకు ఒక్కసారి మందు పూసి, వారం తిరక్కుండానే మళ్లీ గోమార్లు కనిపించాయని మందును తప్పుపట్టడంలో న్యాయం లేదు. అవి గోడలోంచి వచ్చిన కొత్తవి.

మట్టిగోడల గూనపెంకుటిళ్లు, బండలు పరిచిన నేల మీది సందులు, మరమగ్గాల షెడ్ల మూలల్లో పేరుకునే నూలుదుమ్ము, కుక్క పడుకునే పాత గోనెసంచి, ఇవన్నీ గోమారికి అనువైన చోట్లే. పగుళ్లను సిమెంటుతో పూడ్చి, గోడలకు సున్నం వేసి, గోనెసంచిని పారేసి దాని బదులు వారం వారం వేడినీళ్లలో ఉతకగలిగిన దుప్పటి పరచడం కుక్కకు మందు వేయడమంత ముఖ్యమైన పని. ఇక్కడి చలికాలం గోమార్లను చంపేంత చల్లగా ఉండదు కనుక ఏడాది పొడుగునా కనిపెట్టి ఉండాలి.

అది తాగే రక్తం కన్నా, కుక్క ఒంట్లో వదిలే రోగకారకాలే పెద్ద ముప్పు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూడడానికి నాలుగేళ్ల ముందే, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞులు పశువుల్లో వచ్చే ఒక రక్తజ్వరాన్ని గోమార్లే మోస్తాయని 1893లో నిరూపించి ప్రకటించారు. కుక్కల ఎర్రరక్తకణాల్లో చేరి వాటిని పగలగొట్టే బబీసియా గిబ్సోని అనే పరాన్నజీవిని ప్యాటన్ అనే పరిశోధకుడు 1910లో మొదట వర్ణించింది దక్షిణాదిలోనే, మద్రాసు హంట్ అనే వేటబృందం కుక్కల రక్తంలో. తెల్లరక్తకణాల్లో దూరే ఎర్లీషియా అనే బాక్టీరియా రెండో శత్రువు. అది సోకినప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోయి కొన్ని కుక్కలకు ముక్కు నుంచి రక్తం కారుతుంది.

జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు ఎర్రదనం పోయి తెల్లబారడం, మూత్రం కాఫీరంగులోకి మారడం కనిపిస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం. చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలాసార్లు సంగతి తేలుతుంది కనుక, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల కోరుట్లలోనే ఉండడం ఈ ప్రాంతానికి కలిసొచ్చిన విషయం. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు మామూలుగా నాలుగు వారాలు వేయాలి. కుక్క లేచి తిరుగుతోంది కదా అని పదో రోజున ఆపేయడం రోగాన్ని లోపలే దాచిపెట్టడం.

అతుక్కున్న గోమారిని సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి సబ్బునీళ్లలో వేయాలి. గోళ్ల మధ్య నలిపితే లోపలి రక్తం చేతికి అంటుతుంది, మనుషులకూ గోమార్ల నుంచి జ్వరాలు సోకుతాయి. పత్తికి కొట్టగా మిగిలిన మందునో, పశువులకు వాడే మందునో కొలత తెలియకుండా కుక్క ఒంటికి పూయడం, కిరోసిన్ రుద్దడం ప్రాణం తీసే పనులు, ఎందుకంటే కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది. పిల్లి సంగతి మరీ సున్నితం: కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేనందువల్ల కొద్దిపాటి మోతాదుకే అది వణికి, కొట్టుకుని చనిపోవచ్చు. నెలకొకసారి మింగించే మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందులు బరువును బట్టి, వైద్యుడి మాట మీద వాడితే బాగా పనిచేస్తాయి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఫ్లీ అని పిలిచే గెంతే పురుగు వేరు. ఆరు కాళ్లతో, పక్కల నుంచి నొక్కినట్టుండి, వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది. పురుగు చేతికి దొరక్కపోయినా, కుక్కను దువ్వినప్పుడు రాలే నల్లని పొడిని తడిపిన తెల్లకాగితం మీద వేస్తే ఎర్రమరక కడుతుంది, ఎందుకంటే ఆ పొడి అరిగిన రక్తమే. దీని గుడ్లు నేల మీదికి జారిపోతాయి, పిల్లలు చీకటి మూలల్లో ఆ పొడినే తిని దుమ్ము అంటుకున్న గూళ్లు కట్టుకుంటాయి, ఆ గూళ్లలోకి మందు సరిగా దిగదు. గల్ఫుకో భివండికో వెళ్లినవాళ్లు తాళం వేసిన ఇంటికి నెలల తర్వాత తిరిగి వస్తే, అడుగుల అదురుకూ ఒంటివేడికీ గూళ్లలోని పురుగులు ఒక్కసారిగా లేచి కాళ్లను కరుస్తాయి. అలాంటి ఇంట్లో కుక్కను వదలకముందే మూలలన్నీ ఊడ్చి, ఆ చెత్తను కాల్చి, కొత్తగా లేచేవాటి కోసం ఆ ఊడుపును మరికొన్ని వారాలు రోజూ సాగించాలి.